పందెం మీద పన్ను అసలు ఎవరు కడుతున్నారు?

బెట్టింగ్ మీద పన్ను గురించి ఎక్కడ మాట మొదలైనా అందరూ అడిగేది ఒక్కటే: ఎంత శాతం? న్యూయార్క్‌లో 51 శాతమట, అమ్మో. నెవాడాలో 6.75 శాతమేనట, అందుకే లాస్ వేగస్ అలా వెలిగిపోతోందట. జర్మనీలో అయితే 5.3 శాతమేనట, ఇంకేం, కంపెనీలకు పండగ. ఇలాంటి పట్టికలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ మూడింటిలో అన్నిటికంటే బరువైన పన్ను జర్మనీది. దేని మీద వేశారో చెప్పకుండా శాతం చెప్పడమంటే తూకం చెప్పకుండా ధర చెప్పినట్టే.

ఒక చిన్న లెక్క చేద్దాం, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. రెండు జట్లు సరిసమానంగా ఉన్నాయి. బుక్‌మేకర్ రెండు వైపులా 1.90 ఆడ్స్ ఇస్తున్నాడు, అంటే వంద పెట్టి గెలిస్తే పెట్టిన వందతో కలిపి 190 చేతికొస్తుంది. ఒకాయన ఈ జట్టు మీద వంద పెట్టాడు, ఇంకొకాయన ఆ జట్టు మీద వంద పెట్టాడు. బుక్‌మేకర్ దగ్గరకు 200 వచ్చింది, ఎవరు గెలిచినా 190 ఇచ్చేస్తాడు, అతనికి 10 మిగులుతుంది. ఆ 200 టర్నోవర్. అమెరికాలో దాన్నే హ్యాండిల్ అంటారు. మిగిలిన 10ని గ్రాస్ గేమింగ్ రెవెన్యూ అంటారు, పొట్టిగా జీజీఆర్. ఉద్యోగుల జీతాలు, టీవీ ప్రకటనలు, సర్వర్లు, లైసెన్స్ ఫీజులు అన్నీ ఆ 10లోంచే రావాలి.

ఇప్పుడు ప్రభుత్వం జీజీఆర్ మీద 20 శాతం పన్ను వేసిందనుకోండి. 10లో 2 పోయింది, 8 మిగిలింది, వ్యాపారం నడుస్తుంది. అదే ప్రభుత్వం "మేం చాలా తక్కువే వేస్తాం, 5 శాతమే" అని టర్నోవర్ మీద వేసిందనుకోండి. 200లో 5 శాతం 10. ఉన్న పదీ పోయింది. పేరుకు 5 శాతం, నిజానికి మార్జిన్, అంటే బుక్‌మేకర్‌కు మిగిలేది, మొత్తం.

బుక్‌మేకర్ ఊరికే కూర్చోడు కదా. 1.90ని 1.80 చేస్తాడు. ఇప్పుడు 200 వస్తే 180 ఇస్తాడు, 20 మిగులుతుంది, 10 పన్ను కడతాడు, 10 జేబులో వేసుకుంటాడు. అతని లెక్క మళ్లీ మొదటికొచ్చింది. మారిందల్లా పందెం కాసేవాడి పరిస్థితి. 1.90 దగ్గర నష్టం లేకుండా బయటపడాలంటే వందకు 52.6 సార్లు గెలిస్తే చాలు, 1.80 దగ్గర 55.6 సార్లు గెలవాలి. ఆ మూడు శాతం తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, ఏళ్ల తరబడి ఈ పనే చేసేవాళ్లలో కూడా నిలకడగా 55 దాటేవాళ్లు బహు అరుదు. చట్టంలో పన్ను కంపెనీ మీదే ఉంది, చలానా కంపెనీయే కడుతుంది, డబ్బు మాత్రం ఆటగాడిది, అంటే పందెం కాసేవాడిది.

ఇక న్యూయార్క్ సంగతి. 2022 జనవరిలో అక్కడ మొబైల్ బెట్టింగ్ మొదలైంది, జీజీఆర్ మీద 51 శాతం పన్నుతో. ఇంత పన్ను కట్టి ఎవరు నడుపుతారు అని మొదట్లో చాలామంది తల పట్టుకున్నారు. 2024లో అక్కడ జనం కాసిన పందేల్లో దాదాపు 9 శాతం కంపెనీలకు మిగిలింది. 9లో 51 శాతం అంటే 4.6. అంటే టర్నోవర్ లెక్కలో చూస్తే న్యూయార్క్ పన్ను 4.6 శాతం. జర్మనీ 5.3 శాతం నేరుగా టర్నోవర్ మీదే (2012లో 5 శాతంతో మొదలుపెట్టి 2021లో 5.3 చేశారు). అందరూ భయపడే న్యూయార్క్ కంటే అందరూ చవక అనుకునే జర్మనీయే ఎక్కువ తీసుకుంటోంది.

నా లెక్కలో 200కి 10, అంటే 5 శాతం మిగిలితే న్యూయార్క్‌లో 9 ఎలా మిగిలిందని మీకు అనుమానం రావాలి. పార్లేల వల్ల. నాలుగైదు పందేలు ఒకే టికెట్‌లో కలిపి, అన్నీ గెలిస్తేనే డబ్బు అనే పద్ధతి అది. సరిసమానమైన నాలుగు పందేలు కలిపితే న్యాయంగా వందకు 1600 రావాలి. ప్రతిదానికీ 1.90 చొప్పున హెచ్చవేస్తే వచ్చేది 1303. విడిగా ఆడితే 5 శాతం ఉన్న మార్జిన్ కలిపేసరికి 18 దాటింది. యాప్ తెరవగానే పార్లేలే ఎందుకు మొహాన కొడతాయో, పెద్ద అక్షరాల్లో "100కి 1300" అని ఎందుకు ఊరిస్తాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. పన్ను ఎంత బరువైతే కంపెనీ ఆటగాడిని అంతగా పార్లేల వైపు తోస్తుందనేది నా అభిప్రాయం. ఖజానాకు కూడా అది నష్టమేం కాదు, ఆటగాడు ఎక్కువ ఓడితే జీజీఆర్ ఎక్కువ, జీజీఆర్ ఎక్కువైతే పన్ను ఎక్కువ.

టర్నోవర్ పన్ను అసలు రంగు ఆన్‌లైన్ స్లాట్ల దగ్గర, అంటే తెర మీద చక్రాలు తిప్పే ఆటల దగ్గర, బయటపడుతుంది. పెట్టిన ప్రతి వందలో సగటున 95 తిరిగిచ్చే స్లాట్ తీసుకోండి. ఒకాయన వెయ్యి వేసి మొత్తం అయిపోయేదాకా ఆడాడు. ప్రతి తిప్పుకూ పోయేది 5 శాతమే, గెలిచిన డబ్బుతోనే మళ్లీ మళ్లీ ఆడతాడు కాబట్టి, ఆ వెయ్యి కరిగేలోపు అతను సగటున 20,000 విలువైన పందేలు ఆడేస్తాడు. 20,000లో 5.3 శాతం 1,060. ఆటగాడు ఓడింది 1,000, ప్రభుత్వానికి కట్టాల్సింది 1,060! ఇది నడవదు కదా, అందుకే జర్మనీలో లైసెన్స్ ఉన్న సైట్లు తిరిగిచ్చే వాటా తగ్గించేశాయి. లైసెన్స్ లేని విదేశీ సైట్లకు ఆ గొడవ లేదు, పాత వాటాతోనే పిలుస్తాయి. ఎక్కువసేపు ఆడేవాడికి ఆ తేడా వేళ్ల చివర తెలిసిపోతుంది. మరి అతను ఎటు పోతాడు?

ఈ పాఠం నేర్చుకోవడానికి బ్రిటన్‌కు 75 ఏళ్లు పట్టింది. 1926లో ఆర్థిక మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ పందేల మీద పన్ను తెచ్చాడు. వీధుల్లో పందేలు అప్పటికి చట్టవిరుద్ధం, అయినా జోరుగా సాగేవి, పన్ను కట్టేది చట్టబద్ధంగా నడిచేవాళ్లు మాత్రమే. నాలుగేళ్లు తిరక్కుండానే ఎత్తేశారు. 1961లో బెట్టింగ్ షాపులు చట్టబద్ధమయ్యాక, 1966లో పన్ను మళ్లీ వచ్చింది, పెరుగుతూ తగ్గుతూ చివరికి 6.75 శాతం దగ్గర ఆగింది. షాపువాళ్లు మాత్రం ఇతర ఖర్చులూ కలిపి 9 శాతం వసూలు చేసేవాళ్లు. కౌంటర్ దగ్గర ఆటగాడికి ఒక ఎంపిక ఉండేది. పది పౌండ్ల పందేనికి ముందే 90 పెన్నీలు కట్టేస్తే గెలిచినప్పుడు కోత ఉండదు, ముందు కట్టకపోతే చేతికొచ్చే మొత్తంలో 9 శాతం కోసేస్తారు. గెలుస్తానని ధీమా ఉన్నవాడు ముందే కట్టేవాడు. పన్ను ఎవరి జేబులోంచి పోతోందో అంత కళ్లకు కట్టినట్టు చూపిన పద్ధతి నాకు తెలిసి ఇంకోటి లేదు, ఇప్పటివాటిలో అది ఆడ్స్ లోపల దాక్కుంటుంది.

ఫోన్లు, తర్వాత ఇంటర్నెట్ వచ్చాయి. 1999లో విక్టర్ చాండ్లర్ అనే పెద్ద బుక్‌మేకర్ స్పెయిన్ కొసన ఉన్న జిబ్రాల్టర్‌కు మకాం మార్చాడు, ఫోన్‌లో పందెం కాస్తే బ్రిటన్ పన్ను లేదు. మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇక లాభం లేదని 2001 అక్టోబరులో అప్పటి ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ ఆటగాడి మీద 9 శాతం కోతకు కారణమైన పాత పన్ను తీసేసి, కంపెనీ గ్రాస్ ప్రాఫిట్ మీద, అంటే మనం జీజీఆర్ అన్నదాని మీదే, 15 శాతం పెట్టాడు. పందేలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. ఆన్‌లైన్ వ్యాపారాలు మాత్రం జిబ్రాల్టర్ లాంటి చోట్లనుంచే సాగాయి, దాంతో 2014 డిసెంబరులో ఇంకో మలుపు: కంపెనీ ఎక్కడుందని కాదు, ఆటగాడు ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి పన్ను. ఆస్ట్రేలియాలో సౌత్ ఆస్ట్రేలియా 2017లో ఇదే పట్టుకుంది, మిగతా రాష్ట్రాలు వెనకే వచ్చాయి.

హాంకాంగ్ కూడా 2006లో గుర్రప్పందేల పన్నును టర్నోవర్ నుంచి మార్జిన్ మీదికి మార్చింది. అక్కడి రేటు వింటే కళ్లు తిరుగుతాయి, 72.5 శాతం నుంచి 75 దాకా. అయినా తగ్గుతూ పోతున్న పందేలు ఆ మార్పు తర్వాత కోలుకున్నాయి, ఎందుకంటే బయటి బుకీలతో పోటీగా ఓడిన పెద్ద పందేలకు రిబేట్ ఇచ్చే, అంటే కొంత వెనక్కిచ్చే, వెసులుబాటు అక్కడ గుర్రప్పందేలు నడిపే జాకీ క్లబ్‌కు దొరికింది. రేటు 75 శాతమైనా బతకొచ్చని, 5 శాతమైనా చావొచ్చని ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

కెన్యా ఎదురు దారిలో వెళ్లి చూసింది. 2019లో పందెం మొత్తం మీద 20 శాతం ఎక్సైజ్ వేయాలని నిర్ణయించింది. నా మొదటి లెక్కలో చూస్తే 200లో పన్ను 40, బుక్‌మేకర్‌కు మొత్తం మిగిలేదే 10! స్పోర్ట్‌పెసా, బెటిన్ అనే రెండు పెద్ద కంపెనీలు ఆ ఏడాదే మూటాముల్లె సర్దుకున్నాయి. వాటిని నమ్ముకున్న ఫుట్‌బాల్ క్లబ్బుల స్పాన్సర్‌షిప్‌లూ పోయాయి. 2020లో ఆ పన్ను ఎత్తేశారు, 2021లో 7.5 శాతంతో మళ్లీ తెచ్చారు.

భారతదేశానిది ఇంకో రకం. ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలు మొదట తాము ఉంచుకునే ప్లాట్‌ఫామ్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కట్టేవి. వందలో కంపెనీ 10 ఉంచుకుంటుందనుకుంటే పన్ను 1.80. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ 28 శాతం అని, అదీ ఆటగాడు వేసే డబ్బు మొత్తం మీద అని తేల్చింది, 2023 అక్టోబరు 1 నుంచి అమలు. అప్పుడు అదే వంద మీద 28. ప్రతి పందేనికీ కాకుండా డబ్బు లోపలికి వేసేటప్పుడు ఒక్కసారే అన్నారు కాబట్టి జర్మనీ స్లాట్ల పరిస్థితి రాలేదు గానీ, 1.80 ఎక్కడ, 28 ఎక్కడ. చాలా కంపెనీలు ఆ లోటును బోనస్ పాయింట్ల రూపంలో కొన్నాళ్లు తామే భరించాయి. అంతకు ముందే పాత లావాదేవీలకూ ఇదే లెక్క అంటూ నోటీసులు మొదలయ్యాయి, 2022లో గేమ్స్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీకి వచ్చిన ఒక్క నోటీసే దాదాపు 21,000 కోట్లు. కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఆఖరికి 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నే నిషేధిస్తూ చట్టం చేసింది, సెప్టెంబరు 22 నుంచి కౌన్సిల్ ఇలాంటివాటి మీద రేటును 40 శాతానికి పెంచింది. ఒక చేత్తో నిషేధం, ఇంకో చేత్తో పన్ను పెంపు. కాసినోలు, రేస్ క్లబ్బులు, లాటరీలు మాత్రం నిజంగానే ఆ 40లో పడ్డాయి.

ఇంతవరకు కంపెనీ వైపు చూశాం. గెలిచినవాడి దగ్గర పన్ను తీసుకోవాలా వద్దా అన్నది వేరే కథ, నాకు ఇందులోనే ఎక్కువ అన్యాయం కనిపిస్తుంది.

బ్రిటన్‌లో గెలుపు సొమ్ము మీద ఆదాయపు పన్ను లేదు. దీని వెనక 1925 నాటి గ్రాహమ్ వర్సెస్ గ్రీన్ అనే కేసు ఉంది. ఒకాయన గుర్రప్పందేలతోనే బతికేవాడు, వేరే పని లేదు. ఆ సంపాదన మీద పన్ను కట్టమన్నారు. అది వ్యాపారం కిందికి రాదని, పన్ను పడదని జడ్జి తేల్చేశాడు. ఆ జడ్జి పేరు సిడ్నీ రౌలట్. అవును, మనం బళ్లో చదువుకున్న రౌలట్ చట్టం రౌలట్టే! ఆ తీర్పు ఖజానాకు నష్టమని అనుకోవద్దు. గెలుపు మీద పన్ను వేస్తే ఓటమికి మినహాయింపు ఇవ్వాలి, ఆటగాళ్లందరి లెక్కా కలిపితే ఓటమే ఎప్పుడూ ఎక్కువ. గెలుపుల జోలికి పోకుండా కంపెనీ దగ్గర తీసుకోవడమే తెలివైన పని.

ఓటమికి మినహాయింపు ఇవ్వకుండానే గెలుపు మీద పన్ను వేస్తే? భారత్‌లో అదే జరుగుతోంది. లాటరీ, గుర్రప్పందెం గెలిస్తే 30 శాతం, ఓడిన పందేల్ని అందులోంచి తీసేయడానికి లేదు. నాలుగు పందేల్లో ఓడి ఐదోదాంట్లో గెలిచినవాడు మొత్తం మీద నష్టంలో ఉన్నా ఆ ఐదోదానికి పన్ను కట్టాలి. ఆన్‌లైన్ ఆటలకు 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద టీడీఎస్ అన్నారు, అది కొంత నయం, ఏడాదిలో ఆ ప్లాట్‌ఫామ్‌లో వేసిందీ తీసిందీ పోల్చి చూస్తారు. కానీ ఒక యాప్‌లో వచ్చిన లాభాన్ని ఇంకో యాప్‌లో వచ్చిన నష్టంతో సర్దుకోవడం కుదరదు.

అమెరికాలో గెలిచినంత మేరకు నష్టాల్ని చూపించుకునే వీలు 1934 నుంచీ ఉంది, రిటర్న్‌లో ఖర్చుల్ని విడివిడిగా చూపించేవాళ్లకు. 2025 జులై 4న సంతకమైన పెద్ద పన్నుల చట్టంలో ఒక చిన్న మార్పు దూర్చారు: 2026 నుంచి నష్టాల్లో 90 శాతమే లెక్కలోకి వస్తాయి. లక్ష డాలర్లు గెలిచి లక్ష ఓడినవాడికి మిగిలింది సున్నా, పన్ను లెక్కలో మాత్రం పది వేల ఆదాయం. వృత్తిగా ఆడేవాళ్లకు ఇది మరీ ఘోరం. పది లక్షలు గెలిచి 9 లక్షల 70 వేలు ఓడాడనుకోండి, నిజమైన మిగులు 30 వేలు. చూపించుకోగలిగిన నష్టం 8 లక్షల 73 వేలు, పన్ను పడే ఆదాయం లక్షా 27 వేలు. సుమారు 24 శాతం అనుకుంటే పన్ను 30 వేలు దాటింది. ఏడాదంతా కష్టపడి, లాభంలో ఉండి, చేతి నుంచి ఎదురు డబ్బు కట్టడం! ఇలాంటివాళ్లు లెక్కలు సరిగ్గా రాసేవాళ్లు, దాచకుండా చూపించేవాళ్లు. వాళ్లనే తరిమేస్తే ఖజానాకు ఏం ఒరుగుతుందో నాకు అంతు చిక్కదు.

"బెట్టింగ్ పన్నుల ద్వారా రికార్డు స్థాయి రాబడి" అనే వార్తల గురించి కూడా ఒక మాట. జీజీఆర్ అంటే ఆటగాళ్ల నికర ఓటమి, అంతకంటే ఇంకేం కాదు. న్యూయార్క్‌కు 2024లో పన్నుగా 100 కోట్ల డాలర్లకు పైగా వచ్చిందంటే, జనం 200 కోట్ల డాలర్ల పైనే ఓడారని అర్థం. ఆ డబ్బు చదువుకు వెళ్తుందని గొప్పగా చెప్తారు, వెళ్తుంది కూడా. జూదం వ్యసనమైనవాళ్ల చికిత్సకు, అవగాహనకు అందులోంచి చట్టం కేటాయించింది ఏడాదికి 60 లక్షల డాలర్లు. 100 కోట్లలో 60 లక్షలు! ఆ 200 కోట్లు అందరి జేబుల్లోంచీ సమానంగా రావు. బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ పరిశ్రమ లాభాల్లో 60 శాతం వస్తున్నది 5 శాతం ఆటగాళ్ల నుంచి, అదీ వ్యసనంలో ఉన్నవాళ్లు, ఆ అంచున ఉన్నవాళ్ల నుంచి. పన్నులో సింహభాగం కూడా వాళ్లదే అన్నమాట.

ఇలాంటి రాబడికి ప్రభుత్వం అలవాటు పడితే ఏమవుతుందో చూడటానికి చైనాలోని కాసినోల నగరం మకావు ఉంది. కాసినోల జీజీఆర్ మీద 35 శాతం, ఇతర చెల్లింపులు కలిపితే దాదాపు 40. కొవిడ్‌కు ముందు ఆ ప్రభుత్వ రాబడిలో 70 శాతానికి పైగా ఇదే. 2020 ఫిబ్రవరిలో కాసినోలు 15 రోజులు మూతపడ్డాయి, ఆ తర్వాత కూడా పర్యాటకులు లేక ఏళ్ల తరబడి బడ్జెట్ నిల్వల మీద నెట్టుకొచ్చారు. బ్రిటన్‌లోనూ ఇదే అలవాటు చిన్న సైజులో కనిపించింది. బెట్టింగ్ షాపుల్లోని మెషిన్ల మీద ఒక్క ఆటకు 100 పౌండ్ల దాకా పెట్టే వీలుండేది, జనం గుల్లవుతున్నారని 2019 ఏప్రిల్‌లో దాన్ని 2 పౌండ్లకు కుదించారు. మంచి పని. దానివల్ల తగ్గే రాబడిని పూడ్చడానికి అదే నెలలో ఆన్‌లైన్ కాసినో ఆటల పన్నును 15 నుంచి 21 శాతానికి పెంచారు. షాపులో ఓడటం తగ్గించి, ఆ లోటును ఇంట్లో ఫోన్ మీద ఓడేవాళ్ల నుంచి రాబట్టారు.

పన్ను వేసేది ఆట తగ్గించడానికా, డబ్బు కోసమా అన్నది ఏ ప్రభుత్వమూ సూటిగా చెప్పదు. చెప్పకపోయినా దేని మీద వేస్తుందో చూస్తే తెలిసిపోతుంది. జీజీఆర్ మీద వేస్తే ఆడ్స్ పెద్దగా మారవు, ఆట తగ్గదు, డబ్బు వస్తుంది. టర్నోవర్ మీద వేస్తే ఆట ఖరీదవుతుంది, కొంతమంది మానేస్తారు, ఇంకొంతమంది లైసెన్స్ లేని సైట్లకు పోతారు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం మూడో దారి పట్టింది: 2024లో జీజీఆర్ మీద 20 నుంచి 40 శాతం దాకా మెట్ల పన్ను, అది చాలదని 2025 జులై నుంచి పందెం ఒక్కింటికి 25 సెంట్లు, ఒక కంపెనీ ఏడాదిలో 2 కోట్ల పందేలు దాటితే ఆపైన 50 సెంట్లు. డాలర్ పందెం మీద 25 సెంట్లంటే 25 శాతం, వంద డాలర్ల పందెం మీద పావు శాతం. చిన్నగా సరదాకి ఆడేవాడికి వాత, పెద్దగా ఆడేవాడికి అసలు తెలియనే తెలియదు. ఫ్యాన్‌డ్యూయెల్, డ్రాఫ్ట్‌కింగ్స్ అనే పెద్ద బెట్టింగ్ కంపెనీలు సెప్టెంబరు నుంచి ప్రతి పందేనికీ 50 సెంట్లు ఆటగాడి దగ్గరే వసూలు చేస్తామని ప్రకటించేశాయి, కొన్ని కంపెనీలు కనీస పందెం పెంచాయి. అంటే డాలర్‌తో సరిపెట్టుకునేవాణ్ణి చట్టమే పెద్ద పందేల వైపు నెట్టింది. ఇంత తలకిందుల పన్ను నేనింకోటి చూడలేదు.

బ్రిటన్ 2025 నవంబరు బడ్జెట్ కొంచెం ఆలోచించి చేసినట్టుంది. ఆన్‌లైన్ కాసినో ఆటల మీద 21 నుంచి 40 శాతం, 2026 ఏప్రిల్ నుంచి. ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్ 15 నుంచి 25, 2027 ఏప్రిల్ నుంచి. గుర్రప్పందేలకు, షాపుల్లో కాసే పందేలకు పాత 15 శాతమే. బింగో మీద ఉన్న 10 శాతం పన్ను పూర్తిగా రద్దు. ఎక్కువ హాని చేసే ఆటకు ఎక్కువ పన్ను అనే వరస కనీసం కాగితం మీదైనా కనిపిస్తోంది. అయితే 40 దగ్గర స్లాట్లు తిరిగిచ్చే వాటా తగ్గదా, ఆటగాళ్లు బయటి సైట్లకు జారుకోరా అనే ప్రశ్న ఉండనే ఉంది. రేటు జీజీఆర్ మీద కాబట్టి జర్మనీ అంత అధ్వాన్నం కాదని నా అంచనా.

ఈలోగా అమెరికాలో పాత గొడవలన్నిటినీ పక్కకు నెట్టే ఇంకో గొడవ మొదలైంది. కాల్షీ లాంటి ప్రిడిక్షన్ మార్కెట్లు 2025 నుంచి మ్యాచ్‌ల ఫలితాల మీద కాంట్రాక్టులు అమ్ముతున్నాయి. ఇవి పందేలు కావు, సీఎఫ్‌టీసీ అనే ఫెడరల్ సంస్థ పరిధిలోని ఆర్థిక కాంట్రాక్టులు అంటాయవి, కాబట్టి రాష్ట్రాల లైసెన్సూ లేదు, రాష్ట్రాల జీజీఆర్ పన్నూ లేదు. నెవాడా, న్యూజెర్సీ ఆపమని నోటీసులిచ్చాయి, కాల్షీ కోర్టుకెక్కింది. ఇక్కడ బుక్‌మేకర్ మార్జిన్ అనేదే ఉండదు, ఆటగాళ్లు ఒకరితో ఒకరు కాసుకుంటారు, సంస్థకు మిగిలేది ఫీజు. పన్ను వేయడం అసాధ్యమేం కాదు. 2000లో మొదలైన బెట్‌ఫెయిర్ కూడా ఇలాంటిదే, దాని కమీషన్ మీద బ్రిటన్ ఎప్పటినుంచో 15 శాతం తీసుకుంటోంది. అమెరికా రాష్ట్రాలు ఆ దారిలో వెళ్లాలంటే మాత్రం ముందు అది పందెమేనని కోర్టులు ఒప్పుకోవాలి.